పే కింద మూడు చుక్కలు

జనాజా నమాజ్‌కి సఫ్‌లు సర్దుకుంటుంటే ఇమామ్ సాబ్ నన్ను ముందుకు పిలిచారు. రివాజ్ మీకు తెలిసిందే. గొంతు పెగల్చుకుని అడిగాను. "మా అబ్బా మీలో ఎవరికైనా బాకీ ఉంటే నా దగ్గరికి రండి. ఈ రోజు నుంచి అది నా బాకీ. లేదంటే అల్లా వాస్తే మాఫ్ చేయండి."

ఎవరూ రాలేదు. వెనక సఫ్‌లో ఒక ముసలాయన "ఆయన ఎవరికీ బాకీ లేడు బేటా" అన్నాడు. గుండె మీద నుంచి ఒక రాయి దిగినట్టయింది. ఖబ్ర్ మీద మూడు పిడికిళ్ల మట్టి వేసి ఇంటికొచ్చాను.

చాలీస్వాఁ అయిపోయి, వంట గిన్నెలు అద్దె షాపుకి తిరిగి పంపుతుంటే అమ్మీ మెల్లగా చెప్పింది.

"ఒకరిది మిగిలిపోయింది అనేవారు రా మీ అబ్బా."

"ఎవరిది?"

"పేరు చెప్పలేదు. హిసాబ్ మషీన్‌లో ఉంది అనేవారు."

"ఏ మషీన్ అమ్మీ?"

అమ్మీ అటక వైపు చూసింది.

*

మాది రాయచోటి. మా వైపు ఇళ్లలో కువైత్ అంటే వేరే దేశం కాదు, పక్క మొహల్లా. ప్రతి ఇంట్లో ఒకరు అక్కడ ఉంటారు, లేదా వెళ్లి వచ్చి ఉంటారు. మా అబ్బా హవల్లీలో ఒక దుకాణం దగ్గర డ్రైవర్. టైప్‌రైటర్లు, క్యాలిక్యులేటర్లు, కొత్తగా వచ్చిన కంప్యూటర్లు అమ్మే దుకాణం అది. 1989లో రంజాన్‌కి ఛుట్టీ మీద వచ్చినప్పుడు పెద్ద అట్టపెట్టె తెచ్చారు. వీసీఆర్ అనుకుని మొహల్లా మొహల్లా మా ఇంట్లో కూర్చుంది. తీరా విప్పితే టైప్‌రైటర్‌లాంటి వస్తువు. ఎవరో గిరాకీ వాపసు చేసిన దాన్ని సేఠ్ అబ్బాకి ఇచ్చేశాడట.

దాని మీద 'సఖ్ర్' అని రాసుంది. సఖ్ర్ అంటే అరబ్బీలో బండరాయి. కువైత్‌లో ముహమ్మద్ అల్ షారిఖ్ అనే ఆయన 1982లో మొదలుపెట్టిన కంపెనీ. అప్పట్లో ఎమ్మెస్సెక్స్ అని ఒక పద్ధతి ఉండేది. 1983లో మైక్రోసాఫ్ట్, జపాన్‌లోని ఆస్కీ కలిసి పెట్టిన ఒప్పందం అది. ఏ కంపెనీ తయారుచేసినా ఒకదాని సామాను ఇంకొకదానికి సరిపోవాలని దాని ఉద్దేశం. సఖ్ర్ వాళ్లు ఆ పద్ధతిలోనే అరబ్బీ అక్షరాలతో మషీన్లు తెచ్చారు. మాది ఏఎక్స్-170. జపాన్‌లో సాన్యో తయారీ. 64 కేబీ మెమరీ. ఈ రోజు మీరు ఫోన్‌లో పంపే ఒక్క ఈద్ ముబారక్ బొమ్మ అందులో పట్టదు.

టీవీకి తగిలిస్తే నీలం రంగు తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. నేను ఉర్దూ మీడియంలో నాలుగో జమాత్. మీటల మీద అలిఫ్, బే, తే చూసి పొంగిపోయాను. మా బడి అక్షరాలు కంప్యూటర్ మీద! కానీ నా వేలు పే కోసం వెతికింది. దొరకలేదు. చే లేదు, టే లేదు, డాల్ లేదు, గాఫ్ లేదు.

"అబ్బా, పే ఏది?"

అబ్బా నవ్వారు. "అరబ్బులకు పే ఎక్కడుంది బేటా? వాళ్లు పెప్సీని బెబ్సీ అంటారు."

ఆ మాట ఆ రోజు నాకు హాస్యం. ముప్పై అయిదేళ్ల తర్వాత అదే మాట మా ఇంటి మీద ఇంత బరువు పెడుతుందని నాకేం తెలుసు?

*

మరుసటి ఏడాది ఆగస్టు 2న ఇరాక్ ఫౌజ్ కువైత్‌లో దిగింది. అబ్బా ఇరాక్ మీదుగా, జోర్డాన్ ఎడారిలో డేరాల్లో ఉండి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో ఇంటికి చేరారు. అలా లక్ష మందికి పైగా మనవాళ్లు తిరిగొచ్చారు. అబ్బా చేతిలో ఒక్క సంచి, అందులో ఒక లుంగీ, పాస్‌పోర్ట్. రాని జీతం అక్కడే ఉండిపోయింది. వీసా కోసం చేసిన ఖర్జాలు, ఫుప్పూ షాదీకి చేసిన ఖర్జాలు మాత్రం ఇక్కడే ఎదురుచూస్తున్నాయి.

ఆయన మళ్లీ వెళ్లలేదు. ఆటో కొనుక్కున్నారు. రాత్రి ఇషా తర్వాత ఆటో తుడిచి, టీవీకి సఖ్ర్ తగిలించి కూర్చునేవారు. ఏడో తరగతి చదువు ఆయనది. మషీన్‌తో వచ్చిన అరబ్బీ కితాబ్ పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ బేసిక్ నేర్చుకున్నారు. మేము గేమ్ ఆడుకుంటామంటే "ఆగండి, హిసాబ్ రాస్తున్నా" అనేవారు. రాసింది క్యాసెట్‌లోకి ఎక్కించేవారు. మామూలు టేప్ రికార్డర్, మామూలు క్యాసెట్. వింటే కీచుమని ఒకటే అరుపు. ఆ అరుపే హిసాబ్.

తర్వాత కువైత్ బాధితులకు ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం వచ్చింది. ఆ డబ్బుతో అబ్బా ఖర్జాలన్నీ తీర్చేశారని మేమనుకున్నాం. ఒక వానాకాలం పైకప్పు కారింది. సఖ్ర్ తెర నల్లబడింది. అది అటకెక్కింది.

మన ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ ఏదో మీకు గుర్తుందా? సూరా బఖరాలో ఉంది. నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు తీసుకుంటే రాసిపెట్టుకోండి అని చెప్పే ఆయత్ అది. అబ్బా రాసిపెట్టుకున్నారు. మాకు చదవడమే రాలేదు.

*

అటక మీద నుంచి దించేసరికి మషీన్ మీద వేలెడు దుమ్ము. పక్కన ఒక బిస్కెట్ డబ్బా, అందులో ఒకటే క్యాసెట్. ఒక వైపు అమ్మీ చేతిరాత, 'కువైత్ కూ'. రెండో వైపు అబ్బా చేతిరాత, 'హిసాబ్'.

బస్టాండ్ దగ్గర టీవీ మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లా. "ఏం సార్, మ్యూజియంలో పెట్టే సామాను తెస్తివే" అన్నాడు. నేను ప్లగ్గు పెట్టబోతుంటే చేయి పట్టుకుని ఆపాడు. ఇన్నేళ్లు పడున్న మషీన్‌కి నేరుగా కరెంటు ఇవ్వకూడదట. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, పేలితే బోర్డు మొత్తం పోతుంది. రెండు రోజులు ఉంచుకుని పవర్ సప్లైలో కెపాసిటర్లు మార్చాడు. చివరికి తన షాపులో టీవీకి తగిలిస్తే నీలం తెర వచ్చింది. ఆయన చేతులు జోడించాడు, నేను అల్‌హందులిల్లా అన్నాను.

ఇక్కడ నేనొక బేవఖూఫ్ పని చేశాను. చెప్పుకోవాలి, మీరు చేయకుండా ఉంటారని.

ఆ రోజు సాయంత్రమే ఓపిక పట్టలేక, పాత వాక్‌మన్ ఒకటి తెచ్చి, క్యాసెట్ పెట్టి నేరుగా మషీన్‌కి కలిపేశాను. సీలోడ్ అని కొట్టాను. రెండుసార్లు తప్పు చూపించింది. మూడోసారి తెర మీద 'ఫౌండ్: హిసాబ్' అని వచ్చింది. అమ్మీని కేకేశాను. లిస్ట్ అని కొడితే అక్షరాలు పైకి పాకుతున్నాయి. చివర్లో 1200 అనే అంకె కనబడింది. ఆ వరసలో పేరు చదివేలోపు కరెంటు పోయింది.

పాత మషీన్‌లో మెమరీ అంటే నీళ్ల మీద రాత. కరెంటు పోతే అంతా ఖతం. కరెంటు వచ్చాక మళ్లీ పెట్టాను. ఈసారి వాక్‌మన్ టేపును నమిలేసింది. బయటికి లాగితే చిన్న పేగులాగా మడతలు పడి వచ్చింది. అమ్మీ ఒక్క మాట కూడా అనలేదు. దుపట్టా సర్దుకుని వజూకి లేచింది.

*

మా బాంజా బెంగళూరులో బీటెక్ చదువుతున్నాడు. ఫోన్‌లో వాడి చేత అక్షింతలు వేయించుకున్నాను.

"మామూ, ముప్పై ఏళ్ల టేపుని ఎవరైనా పదిసార్లు తిప్పుతారా? తిప్పిన ప్రతిసారీ పైపూత రాలుతుంది. ఒక్కసారి తిప్పాలి, ఆ ఒక్కసారీ ల్యాప్‌టాప్‌లోకి రికార్డ్ చేసుకోవాలి. తర్వాత ఎన్నిసార్లు ఆడించినా ఆడేది నకలు."

ఈద్ సెలవులకు వాడు వచ్చాక పని పద్ధతిగా జరిగింది. మెకానిక్ అన్న క్యాసెట్ మరలు విప్పి, టేపును కొత్త గూట్లోకి మార్చాడు. పాత దాంట్లో టేపును హెడ్‌కి నొక్కిపెట్టే చిన్న స్పాంజి ఊడిపోయి ఉంది. మడతల్ని వేళ్లతో సాపు చేశాడు. మంచి టేప్ డెక్ ఒకటి సంపాదించి, రెండు వైపులా ఒక్కసారే ఆడించి, ల్యాప్‌టాప్‌లో దాచాం.

తర్వాత ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సందులోంచి మషీన్‌కి వైరు. ఎమ్మెస్సెక్స్ క్యాసెట్ వైరుకి మూడు కొనలుంటాయి. తెల్లది వినడానికి, ఎర్రది రికార్డ్ చేయడానికి, సన్నటి నల్లది టేప్ మోటారు ఆపడానికి. మనకు కావలసింది తెల్లది. మడతలు పడ్డ చోట ప్రోగ్రామ్ తెగిపోయింది. మళ్లీ 'డివైస్ ఐఓ ఎర్రర్'. నా కాళ్లలో సత్తువ పోయింది. బాంజా మాత్రం టేపును ముందుకు జరిపి విన్నాడు.

"మామూ, నానా రెండుసార్లు ఎక్కించారు! ఒకదాని తర్వాత ఒకటి. ఇదిగో రెండోది."

ఆటో టైర్లో గాలి చూసుకుని, మళ్లీ ఒకసారి చూసుకునే మనిషి మా అబ్బా. వాకిలి గొళ్లెం కూడా రెండుసార్లు చూసేవారు. మేం వెక్కిరించేవాళ్లం.

కానీ ఎక్కించగానే సరిపోదు గదా. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే. మషీన్‌లోకి వచ్చిన హిసాబ్ దాచుకోవడానికి కరెంటు పోయినా చెరగని జాగా కావాలి. మళ్లీ క్యాసెట్ మీద రాయడానికి నాకు ధైర్యం లేదు. దాని కోసమే నేను ముందే ఒక కార్ట్రిడ్జ్ తెప్పించాను. పాత మషీన్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు యూరప్‌లో చేతితో తయారుచేస్తున్నారు. గేమ్ కార్ట్రిడ్జ్ పెట్టే చోటే దాన్ని దూర్చాలి. దాని నెత్తిన ఒక ఎస్‌డీ కార్డ్. మన కెమెరాల్లో ఉండేదే.

నాకు అర్థంకాని సంగతి ఒకటుండేది. ఆ జమానా మషీన్‌కి ఈ జమానా కార్డ్ మాట ఎలా అర్థమవుతుంది? బాంజా చెప్పాడు. ఎస్‌డీ కార్డ్‌కి వేగంగా మాట్లాడే పద్ధతి ఒకటుంది, నిదానంగా ఒక్కొక్క బిట్ చొప్పున మాట్లాడే సాదా పద్ధతి ఇంకొకటుంది. కార్ట్రిడ్జ్ ఆ రెండో పద్ధతిలో కార్డ్‌తో మాట్లాడి, మషీన్‌కి తనొక ఫ్లాపీ డ్రైవ్‌నని చెప్పుకుంటుంది. లోపల నెక్స్‌టర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, పాత ఎమ్మెస్సెక్స్ డాస్‌కి మనవడి వరస. తాతకి మనవడు తర్జుమా చేసి చెప్పినట్టన్న మాట.

కార్డ్ 16 జీబీ. అంతకన్నా చిన్నది బజార్లో దొరకలేదు. మా మషీన్ మెమరీకి రెండు లక్షల నలభై వేల రెట్లు. కాల్ ఎఫ్‌డిస్క్ అని కొట్టి, అందులో 16 ఎంబీ ముక్క ఒకటి కోసి ఇచ్చాం. అంత పాత మషీన్‌కి అంతకంటే పెద్ద ముక్క మింగుడుపడదు. సముద్రం పక్కన కూర్చోబెట్టి చెంబు చేతికిచ్చినట్టు.

మొదటిసారి పెడితే మషీన్ దాన్ని గుర్తించనే లేదు. సందులో రాగి కాంటాక్టులు మసిబారి ఉన్నాయి. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాక గుర్తించింది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మషీన్ ఆన్‌లో ఉండగా కార్ట్రిడ్జ్ పెట్టకూడదు, తీయకూడదు. రెండూ కాలిపోతాయి.

అప్పుడు సీలోడ్. క్యాసెట్ నుంచి సెకనుకు 1200 బిట్లు వస్తాయి, ఒక అక్షరానికి 11 బిట్లు. అంటే సెకనుకు నూరు అక్షరాల పైచిలుకు. అబ్బా హిసాబ్ మొత్తం రావడానికి ముప్పావు నిమిషం పట్టింది. ఆ ముప్పావు నిమిషం అమ్మీ తస్బీహ్ తిప్పుతూ నిలబడింది. నేను కళ్లు మూసుకున్నాను. 'ఓకే' అని వచ్చిందని బాంజా అరిచాడు. సేవ్ కొట్టాను. కార్ట్రిడ్జ్ మీద చిన్న దీపం ఒకసారి వెలిగి ఆరింది. అంతే. రెప్పపాటు.

"కరెంటు ఆపు" అన్నాను. బాంజా స్విచ్ ఆపాడు. మళ్లీ వేశాడు. లోడ్ కొట్టాను. హిసాబ్ తెర మీద ఉంది.

*

మొదటి వరస ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. రెమ్, యా అల్లా ఖర్జ్ సే బచా.

రెమ్ అని మొదలయ్యే వరసని మషీన్ పట్టించుకోదు. అది మనిషి కోసం రాసుకునేది. అబ్బా దువాని మషీన్ పట్టించుకోని వరసలో రాసుకున్నారు. కింద 12-3-97 అని తారీఖు. ఆ కింద పదకొండు డేటా వరసలు. ఒక్కో వరసలో పేరు, ఊరు, తీసుకున్నది, మిగిలినది. పేర్లు, ఊళ్లు అరబ్బీ అక్షరాల్లో. ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఆ అక్షరాల కోడ్ వేరు, ఇప్పటిది వేరు. అబ్బా రాసింది చదవాలంటే అబ్బా మషీనే కావాలి.

నేను చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. పీలేరు 'బీలేరు' అయింది. గాలివీడు 'కాలివీడు'. చిన్నమండెం 'జిన్నమండెం', జిన్నులుండే ఊరిలాగా. పే లేకపోతే బే, చే లేకపోతే జీమ్, గాఫ్ లేకపోతే కాఫ్. ఉన్న అక్షరాలతో సర్దుకున్నారు. బతుకంతా ఆయన చేసింది అదే.

పది వరసల్లో చివరి అంకె సున్నా. పదకొండో వరసలో తీసుకున్నది 3000, మిగిలింది 1200. ఊరు రాయచోటి. పేరు బే, అలిఫ్, షీన్, అలిఫ్.

"బాషా" అన్నాడు బాంజా.

నేను చప్పున అమ్మీ వైపు చూశాను. అమ్మీ అప్పటికే నన్ను చూస్తోంది.

మా మొహల్లాలో అబ్బాకి ఇద్దరు దోస్తులు. టైలర్ బాషా, లారీ పాషా. పే లేని మషీన్‌లో ఇద్దరి పేరూ ఒకటే.

నేను ఉర్దూలో చదువుకున్నాను, డిగ్రీ తెలుగులో చేశాను, ఇరవై ఏళ్లుగా అక్షరాలు అమ్ముకుని బతుకుతున్నాను. ఉర్దూలో రాసుంటే బే కింద ఒక చుక్క, పే కింద మూడు చుక్కలు. తెలుగులో అయితే బ వేరు, ప వేరు. రెండు చుక్కల తేడా కోసం నేను ఆ రాత్రంతా తెర ముందు కూర్చున్నాను. కార్డ్‌లో 16 జీబీ జాగా ఉంది. ఆ రెండు చుక్కలు మాత్రం లేవు.

*

పాషా చాచా ఇంకా ఉన్నారు, అల్లా ఆయన ఉమర్ పెంచాలి. చెవుడు. గట్టిగా అరిచి చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం చూశారు.

"మీ అబ్బా నాకు బాకీనా? యాద్ నహీ బాబా. ఉన్నా మాఫ్. ఇప్పుడు మాఫ్, ఖయామత్‌లోనూ మాఫ్."

టైలర్ బాషా భాయ్ లేరు. కరోనాకి ముందే పోయారు. వాళ్ల ఇంట్లో చాచీని అడిగాను. "ఆయన అప్పులు రాసుకునే మనిషా? కొలతలే గుర్తుండేవి ఆయనకి" అంది.

ఇమామ్ సాబ్‌ని అడిగితే, ఎంత రాసుందో అంతే బాకీ, మీ ఖుషీతో ఎక్కువ ఇస్తే మంచిదే, అన్నారు. ఎవరికి అనే మాటకి ఆయన దగ్గరా జవాబు లేదు. అమ్మీ దగ్గర ఉంది.

"దోనోకూ దేదే. ఏక్ కా ఖర్జా ఉతర్తా, ఏక్ కా సవాబ్ మిల్తా."

ఇద్దరిలో ఒకరి దగ్గర అప్పు దిగుతుంది, ఇంకొకరి దగ్గర పుణ్యం వస్తుంది. ఏది ఎవరి దగ్గరో అల్లాకి తెలుసు. పాషా చాచా చేతిలో డబ్బు పెడితే, పక్కనున్న మస్జిద్ డబ్బాలో వేయించారు. చాచీ మాత్రం 1200 లెక్కపెట్టి తీసుకుంది, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. తీసుకుని, దుపట్టా కొసకి ముడివేసుకుంటూ అడిగింది.

"ఆ క్యాసెట్‌లో ఇంకో వైపు మాటలున్నాయంట గదా. కువైత్‌కి పంపేటప్పుడు మా ఆయన కూడా వచ్చి ఏదో చెప్పేవాడు. ఆయన గొంతు ఏమన్నా ఉందా బేటా?"

నాకు సిగ్గనిపించింది. 'కువైత్ కూ' అని రాసిన వైపు నేను ఒక్క నిమిషమే విన్నాను. అది మేము అబ్బాకి పంపిన గొంతుల ఖత్. అబ్బా తిరిగి తెచ్చుకుని, రెండో వైపు ఖాళీగా ఉందని హిసాబ్ ఎక్కించుకున్నారు. నా చిన్నప్పటి గొంతు, దాదీ దగ్గు వినబడగానే అమ్మీ ఏడ్చింది, ఆపేశాను. నేను వెతికింది అబ్బాని గదా, మమ్మల్ని కాదు గదా అనుకున్నాను.

ఆ రాత్రి మొత్తం విన్నాను. అమ్మీ, దాదీ, ఫుప్పూ, నేను. నేను నాలుగో జమాత్ ఉర్దూ పాఠం ఒప్పజెబుతున్నాను. ఇరవై తొమ్మిదో నిమిషంలో కుర్చీ జరిపిన చప్పుడు, ఒక మగ గొంతు. "సలామ్ భాయ్! మిషన్ కూ సుయ్యాఁ లేకో ఆవ్, సోలా నంబర్. పైసే ఆకో దేఖ్లెంగే."

కుట్టుమిషన్‌కి పదహారో నంబర్ సూదులు తీసుకురా, డబ్బుల సంగతి వచ్చాక చూసుకుందాం. ఏ డబ్బులు? సూదుల డబ్బులా, 3000లో డబ్బులా? పదిసార్లు విన్నాను. తేలలేదు. నకలు కాబట్టి పదిసార్లు వినగలిగాను.

ఆ ముక్క కోసి చాచీ కొడుకు ఫోన్‌కి పంపాను. మరునాడు వాళ్ల షాపు ముందు నుంచి పోతుంటే లోపల నుంచి వినబడింది, "సలామ్ భాయ్!" అని. ఇంటి నుంచి వచ్చి షాపులో కూర్చుని చాచీ వింటోంది.

*

ఇప్పుడు హిసాబ్ నాలుగు చోట్ల ఉంది. ఎస్‌డీ కార్డ్‌లో, ల్యాప్‌టాప్‌లో, బాంజా దగ్గర, తెర మీది నుంచి చూసి నేను కాగితం మీద రాసుకున్న నకలులో. అసలు క్యాసెట్ అమ్మీ పాన్‌దాన్‌లో ఉంది.

మీ అటకల మీద కూడా ఉంటాయి. సౌదీ నుంచి, దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి వచ్చిన క్యాసెట్లు, ఎవరూ తెరవని మషీన్లు. ఈ సెలవుల్లో దించండి. నాలాగా తొందరపడి ఆడించకండి. తెలిసినవాళ్లని పిలవండి, ఒక్కసారే తిప్పండి, తిప్పుతూ దాచుకోండి. రెండు వైపులా వినండి. మషీన్ లేకపోయినా దిగులుపడకండి, పాత మషీన్‌లాగా నటించే ప్రోగ్రాములు ల్యాప్‌టాప్‌కి ఉన్నాయి, మన పిల్లలకి తెలుసు.

నేను మాత్రం ఒక నోట్‌బుక్ కొన్నాను. నా బాకీలు అందులో రాస్తున్నాను. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఉర్దూ. నా కూతురికి ఎక్కడుందో చూపించాను. మొన్న పాల పాషాకి నూట ఎనభై బాకీ పడితే రాశాను. పే కింద మూడు చుక్కలు పెట్టి, ఒకసారి లెక్కపెట్టుకుని, మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను.